గది వెలుతురుతో నడిచే సెన్సార్‌కి బూస్ట్ కన్వర్టర్ అవసరమా?

మైక్రోవాట్: ఉష్ణోగ్రత సెన్సార్ కడుతున్నాను. సగటున 10 మైక్రోయాంపులు లాగుతుంది. నిల్వకి 1 ఫారడ్ సూపర్ కెపాసిటర్. తక్కువ వోల్టేజీని పెంచే బూస్ట్ కన్వర్టర్ లేకుండా, సోలార్ సెల్స్ వరుసగా కలిపి, కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే డయోడ్ గుండా నేరుగా ఛార్జ్ చేస్తే చాలదా?

డయోడ్‌వాది: చాలు. షాట్కీ డయోడ్ పెట్టండి, పోయేది 0.2 వోల్టులే. బూస్ట్ ఐసీని (బూస్ట్ కన్వర్టర్ చిప్‌ని) నమ్ముకుంటే కోల్డ్ స్టార్ట్ దగ్గర, అంటే కెపాసిటర్ పూర్తిగా ఖాళీ అయ్యాక మళ్లీ లేచే దగ్గర, ఇరుక్కుంటారు.

గరిష్ఠశక్తి: 0.2 అని అందరూ అంటారు, రివర్స్ లీకేజీ (చీకట్లో డయోడ్ గుండా వెనక్కి కారే కరెంటు) మాట ఎవరూ ఎత్తరు. కెపాసిటర్ 3.3 నుంచి 2 వోల్టులకు దిగడానికి 36 గంటలు పడుతుంది. లీకేజీ 5 మైక్రోయాంపులు కలిసిందా, 24 గంటలే. పైగా సోలార్ సెల్ ఓపెన్ సర్క్యూట్ (దేనికీ కలపనప్పటి) వోల్టేజీలో సుమారు 80 శాతం దగ్గరే ఎక్కువ పవర్ ఇస్తుంది. బూస్ట్ ఐసీ సెల్‌ని అక్కడే నిలబెడుతుంది, నేరుగా కడితే సెల్ వోల్టేజీ కెపాసిటర్ ఎక్కడుంటే అక్కడికి దిగజారిపోతుంది.

చూపరి: సీఆర్2032 బటన్ సెల్ 225 మిల్లీయాంప్ అవర్స్. రెండున్నరేళ్లు వస్తుంది. అది పెట్టేయండి.

మైక్రోవాట్: పెట్టెకి సీల్ వేసేస్తాం. మళ్లీ తెరవలేం.

డయోడ్‌వాది: లీకేజీ భయమైతే మామూలు సిలికాన్ డయోడ్ వాడి, ఇంకో సెల్ కలపండి. కోల్డ్ స్టార్ట్‌కి మాత్రం జవాబు రాలేదు.

గరిష్ఠశక్తి: ఎప్పుడో ఒకసారి జరిగేదాన్ని పట్టుకుని వేలాడుతున్నారు.

డయోడ్‌వాది: ఆ ఒక్కసారే నన్ను ముంచింది. బూస్ట్ ఐసీతో 30 పెట్టెలు బిగించాను. సెలవులకి గదులు చీకట్లో ఉండి కెపాసిటర్లన్నీ ఖాళీ అయ్యాయి. లైట్లు వెలిగాక ఒక్కటీ లేవలేదు. బెంచ్ సప్లై మోసుకుంటూ నిచ్చెనెక్కి ఒక్కోటీ ఛార్జ్ చేశాను. మాట పడింది కూడా నేనే.

గరిష్ఠశక్తి: వోల్టేజీ చాలనప్పుడు లోడ్‌ని (సెన్సార్ సర్క్యూట్‌ని) విడదీసే కటాఫ్ పెట్టారా?

డయోడ్‌వాది: లేదు.

గరిష్ఠశక్తి: మరి తప్పు ఐసీదెలా అవుతుంది? వోల్టేజీ మెల్లగా పెరిగేటప్పుడు మైక్రోకంట్రోలర్ సరిగ్గా లేవకముందే వచ్చిందంతా తాగేస్తుంది. కటాఫ్ లేకపోతే మీ డయోడ్ పద్ధతిలోనూ అదే గతి.

డయోడ్‌వాది: ఒప్పుకుంటాను. కానీ మన గొడవ డయోడ్ గురించి కాదు. మీకు సెన్సార్ ఎప్పుడూ ఆగకూడదు. నాకు ఆగినా ఫర్వాలేదు, వెలుతురు రాగానే తనంతట తాను లేవాలి.

గరిష్ఠశక్తి: అవును, ఆగకూడదు. నేను చూసేది మందులు దాచే గది. రీడింగుల్లో ఆరు గంటలు ఖాళీ ఉంటే ఆ సరుకు పారేయాల్సిందే.

మైక్రోవాట్: నాకు మధ్యలో రీడింగులు పోయినా ఫర్వాలేదు, పెట్టె తెరవకపోతే చాలు. డయోడ్‌తోనే వెళ్తాను. 3 వోల్టులు దాటాక లోడ్‌ని కలిపి, 2కి దిగితే విడదీసే డిటెక్టర్ పెడతాను.

గరిష్ఠశక్తి: కిటికీ ఎండ సెల్స్ మీద పడితే వోల్టేజీ కెపాసిటర్ రేటింగ్ (అది తట్టుకునే హద్దు) దాటదా? దాన్ని ఆపేదేదీ మీ సర్క్యూట్‌లో లేదు.