అప్‌డేట్: లాంతరు గ్లాసు మసి సంగతి తేలింది

అటక మీంచి దించిన లాంతరు వెలిగించిన పది నిమిషాలకే గ్లాసు మసిబారుతోందని అడిగాను కదా, తప్పు రెండు చోట్ల ఉంది. వత్తి అంచు ఎగుడుదిగుడుగా ఉండి మంట కొమ్ములా లేస్తోంది. మాడిన అంచును కత్తెరతో తిన్నగా కోసి, రెండు మూలల కొసలు కాస్త తీసేస్తే మంట గుండ్రంగా నిలిచింది.

గాలి అందకపోవడమే అసలు రోగం. బర్నర్ చిల్లుల రేకులో చచ్చిన పురుగులు, పక్క గొట్టంలో సాలెగూడు! సూదితో ఆ చిల్లుల్లోని చెత్త పొడిచి తీసి, సైకిల్ పంపుతో గొట్టాలు ఊదితే పోయాయి.

కొత్త వత్తి వేస్తే కిరసనాయిల్లో పావుగంట నాననివ్వండి, లేదంటే వత్తే కాలిపోతుంది. గ్లాసుకు జల్లించిన బూడిద, పాత పేపరు చాలు. వేడిగా ఉండగా తడిగుడ్డ తగిలితే టప్పున పగులుతుంది. వత్తి మరీ పైకి తిప్పకండి, వెలుగు కన్నా మసే పెరుగుతుంది.