సెవాన్ వెళ్తూ నొరాతుస్ కూడా చూడాలా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

తెనాలి_శ్రావ్య:
మా తమ్ముడు ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో మెడిసిన్ చదువుతున్నాడు. అమ్మానాన్నలతో వాడి దగ్గరికి వెళ్తున్నాం. సెవాన్ సరస్సుకి ఒక రోజు పెట్టుకున్నాం. అటువైపే నొరాతుస్ అనే పాత ఊరుందట, అక్కడి శ్మశానం తప్పక చూడాలని వాడు ఒకటే పోరు. అమ్మేమో "అంత దూరం వెళ్లి శ్మశానమేంటే" అంటోంది. నిజంగా చూడదగ్గదేనా?

శాసనాల_రామం:
తప్పక వెళ్లండమ్మా. అక్కడ చూడాల్సినవి ఖచ్కార్లు. అంటే నిలువుగా పాతిన రాతి పలకలు, మధ్యలో శిలువ, చుట్టూ లతలు, అల్లికలు. నొరాతుస్‌లో ఇవి ఎనిమిది వందలకు పైనే ఉన్నాయి. అన్నిటికన్నా పాతవి 10వ శతాబ్దం చివరివి. ఆర్మేనియాలో ఒకేచోట ఇన్ని ఇంకెక్కడా లేవు.

ఇంతకంటే పెద్ద శ్మశానం ఒకప్పుడు జుఘాలో ఉండేది. అరస్ నది ఒడ్డున, ఇప్పుడు అజర్‌బైజాన్ కింద ఉన్న నఖ్చివాన్‌లో. అక్కడ పదివేల పలకలున్నాయని 1648లో ఒక ఫ్రెంచి యాత్రికుడు రాశాడు. 1998కీ 2005కీ మధ్య మిగిలినవన్నీ పగలగొట్టేశారు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. నొరాతుస్‌ని తీరిగ్గా చూడమని నేను ఇంతగా చెప్పేది అందుకే.

రాతిపువ్వు:
రామం గారు చెప్పినదానికి ఇంకొంచెం. శిలువ దగ్గర కాకుండా కింది నుంచి చూడటం మొదలుపెట్టండి. ముందు గుండ్రటి పతకం, దాని మీద నుంచి రెండు పక్కలా పైకి లేచే ఆకులు, ఆపైన శిలువ. శిలువ కొసలు కూడా మొగ్గ విచ్చినట్టు చీలి ఉంటాయి. అంచు వెంబడి అల్లిక మన మెలికల ముగ్గులాగే ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో దొరకదు. ఒక పలకలా ఇంకోటి ఉండదు. కిరామ్ కజ్మొఘ్ (1551–1610) అనే శిల్పి చెక్కినవి ఇక్కడ చాలా ఉన్నాయి, అడిగితే ఊరివాళ్లు చూపిస్తారు.

అడ్డంగా పెట్టిన సమాధి రాళ్లను దాటేసి పోకండి. నాకు పలకల కన్నా అవే నచ్చాయి. ఎడ్లతో దున్నుతున్న రైతు, గుర్రం మీద మనిషి, విందు, వాద్యం వాయిస్తున్నవాడు. పోయినవాళ్లు ఎలా బతికారో చెక్కి పెట్టారు.

చెక్కిన ముఖం పడమటికి ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం దాటాక వెళ్తే ఎండ నేరుగా పడి గీతలన్నీ తేలతాయి.

మెడికో_యెరెవాన్:
యెరెవాన్ నుంచి నొరాతుస్ దగ్గరి పట్టణం గవార్‌కి మార్ష్రూత్కా (వ్యాన్ సర్వీసు) ఉంటుంది, అక్కడి నుంచి టాక్సీ. నలుగురైతే కారు మాట్లాడుకోవడమే మేలు. సరస్సు దాదాపు 1,900 మీటర్ల ఎత్తులో ఉంది, ఎండ ఉన్నా గాలి చలిగా కొడుతుంది. పెద్దవాళ్లకి స్వెటర్ తప్పనిసరి. శ్మశానం దగ్గర ముసలమ్మలు చేత్తో అల్లిన ఉన్ని సాక్సులు అమ్ముతారు, నేను ఇంటికి అవే పంపించాను.

వాళ్లు ఒక కథ చెబుతారు. తైమూరు సైన్యం వస్తుంటే ఊరివాళ్లు పలకలకి శిరస్త్రాణాలు తొడిగి, కత్తులు ఆనించి పెట్టారట. దూరం నుంచి పెద్ద సైన్యం నిలబడినట్టు కనిపించి శత్రువులు వెనక్కి మళ్లారట. కరాపెత్ అనే సన్యాసి సమాధి దగ్గర పగిలిన గాజు ముక్కలుంటాయి, చెప్పులు లేకుండా తిరగొద్దు. భయాలు పోవాలని అక్కడ గాజు పగలగొడతారు.

ఊళ్లో 9వ శతాబ్దం నాటి సూర్బ్ అస్త్వత్సత్సిన్ చర్చి శిథిలాలు కూడా ఉన్నాయి, పది నిమిషాలు చాలు. టైముంటే సరస్సు ఒడ్డునే ఉన్న హైరవాంక్ మఠం చూడండి.

పాతబస్తీ_నసీర్:
జుఘా (దాన్నే జుల్ఫా అనీ అంటారు) మాట వచ్చింది కాబట్టి. 1604–05లో ఇరాన్ రాజు షా అబ్బాస్ ఆ ఊరివాళ్లని ఇస్ఫహాన్ పక్కకి తరలించి కొత్త జుల్ఫాలో ఉంచాడు. అక్కడి వర్తకులే తర్వాత మచిలీపట్నం, గోల్కొండ, మద్రాసు దాకా వ్యాపారం చేశారు. హైదరాబాద్ ఉప్పుగూడలో 17వ శతాబ్దపు ఆర్మేనియన్ సమాధులున్నాయి. ప్రయాణానికి ముందు హైదరాబాద్‌లో ఆగేలా ఉంటే చూసి వెళ్లండి, రాతి మీద ఆర్మేనియన్ లిపి ముందే పరిచయమవుతుంది.

తెనాలి_శ్రావ్య:
అందరికీ థాంక్సండి. ఎడ్లతో దున్నే రైతు రాయి గురించి చదివి వినిపిస్తే నాన్న వెంటనే సరేనన్నారు, అమ్మ కూడా మెత్తబడింది. పొద్దున సెవాన్, భోజనం, మధ్యాహ్నం నొరాతుస్ అని ప్లాన్ మార్చుకున్నాం. మెడికో గారూ, ఆ రైతు రాయి గేటుకి ఏ వైపు ఉంటుందో గుర్తుందా? నాన్న ఎక్కువ నడవలేరు.