ఆశా కార్యకర్తది సేవా, ఉద్యోగమా?

గోదావరి గట్టు:
ఆశా కార్యకర్తలకు నెల జీతం ఇవ్వాలన్న వాదనతో నేను ఏకీభవించలేకపోతున్నాను. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు, సుమారు వెయ్యిమంది జనాభాకు ఒకరి చొప్పున ఊరి మహిళనే ఎంచి స్వచ్ఛంద సేవకురాలిగా నిలబెట్టారు. ఆమె మాట జనం వినేది ఆమె తమ మనిషి కాబట్టే. డబ్బు చేరితే సేవ ఎలా మారుతుందో రక్తం విషయంలో చూశాం: డబ్బుకు రక్తమిచ్చేవారు జబ్బులు దాచే ప్రమాదం ఉంటుంది, సుప్రీంకోర్టు 1996 తీర్పుతో 1998 జనవరి నుంచి రక్తం అమ్మకాన్ని నిషేధించారు.

నల్లరేగడి:
గట్టు గారూ, ఆ పోలిక ఇక్కడ అతకదు. రక్తదాత మూడు నెలలకోసారి, ఇష్టమైతేనే, ఓ గంట కేటాయిస్తాడు. రాకపోతే ఎవరూ సంజాయిషీ అడగరు. మా అమ్మాయికి తక్కువ బరువుతో బిడ్డ పుట్టినప్పుడు, మూడో రోజున మా ఊరి ఆశా కార్యకర్త వానలో తడుస్తూ వచ్చింది. కొక్కేనికి గుడ్డ ఉయ్యాల తగిలించి, బిడ్డను అందులో పడుకోబెట్టి, త్రాసు ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి చూసింది: రెండు కిలోల రెండు వందలు. పాదాలు తాకి, చల్లగా ఉన్నాయంటూ బిడ్డను వెంటనే తల్లి గుండెలకు ఆనించి కప్పించింది. ఆ తర్వాత 7, 14, 21, 28, 42వ రోజుల్లోనూ వచ్చింది. ఈ ఆరు రాకలకూ కలిపి పథకంలో రాసిన ప్రోత్సాహకం 250 రూపాయలు, అంటే ఒక్కో రాకకు 42 రూపాయలైనా పడదు. పని అప్పగించేవారు, రిజిస్టర్లు తనిఖీ చేసేవారు, చేయకపోతే నిలదీసేవారు ఉన్న పనిని స్వచ్ఛందం అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఇదే పని మగవాళ్ళు చేస్తూ ఉంటే ఇన్నేళ్ళు సేవ అనే పేరుతోనే సరిపెట్టేవారా?

సబ్‌సెంటర్ మెట్లు:
నేను ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్ళలో తిరిగే ప్రభుత్వ నర్సుగా, పనిచేసి విరమణ పొందాను. పనికింత అని లెక్కగట్టే పద్ధతిలోనే అసలు లోపం ఉంది. కాన్పు తర్వాత దిగులుతో మంచం దిగని కోడలి పక్కన రెండు గంటలు కూర్చుంటే, ఆ రెండు గంటలు రాయడానికి క్లెయిమ్ ఫారంలో గడి ఉండదు. 2013లోనే 45వ భారత కార్మిక సదస్సు ఆశా, అంగన్‌వాడీ వంటి పథకాల్లో పనిచేసేవారిని కార్మికులుగా గుర్తించాలని సిఫారసు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఆశా కార్యకర్తల పారితోషికాన్ని నెలకు 10,000 రూపాయలకు పెంచారు; డబ్బు పెరిగిందని మా పరిధిలో ఏ ఇల్లూ వారికి తలుపు వేయలేదు.

గోదావరి గట్టు:
మెట్లు గారూ, ఆ చివరి మాటకు నా దగ్గర జవాబు లేదు. నమ్మకం డబ్బుతో పోతుందన్న నా భయాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. అయితే పూర్తి ఉద్యోగమైతే బదిలీలు వస్తాయి, పైరవీలు వస్తాయి, పక్క మండలం మనిషిని మా ఊరికి వేస్తారు. అప్పుడు రాత్రి రెండింటికి నొప్పులు మొదలైతే ఎవరి తలుపు తట్టాలి?

నల్లరేగడి:
బదిలీ లేని ఉద్యోగంగానే ఇవ్వమని అడుగుదాం, గట్టు గారూ. ఆ ఊళ్ళో కాపురముండేవారే ఉండాలన్న నిబంధన ఇప్పుడూ ఉంది. దానిని అలాగే ఉంచి, అన్ని రాష్ట్రాల్లోనూ జీతం, ప్రసూతి సెలవు, గ్రాట్యుటీ చేర్చడానికి ఏ అడ్డంకీ నాకు కనిపించడం లేదు. అంగన్‌వాడీ కార్యకర్తలకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022లోనే చెప్పింది కదా.