ఊపు తెగిపోతే మళ్ళీ ఎలా అందుకుంటున్నారండి?

తణుకు_కుర్రాడు:
అందరికీ నమస్కారమండి. నేను ఎరువుల కొట్టులో పని చేస్తూ గ్రూప్-2కి చదువుతున్నానండి, మొదలెట్టినప్పుడు మంచి ఊపు మీద ఉంటాను, రోజుకి మూడు గంటలు, నోట్సు గట్రా రాసుకుని ఇరవై రోజులు బానే లాగుతాను, ఈలోపు సంక్రాంతో చుట్టాల పెళ్ళో వస్తుంది, లేదంటే దాళ్వా ఊడ్పులప్పుడు కొట్టులో రాత్రి తొమ్మిది దాకా రద్దీ, నాలుగు రోజులు పుస్తకం ముయ్యాల్సొస్తుంది. ఆ నాలుగు రోజులు కాస్తా నెలన్నర అయిపోతందండి. మళ్ళీ పాలిటీ మొదటి చాప్టర్ నుంచే. ప్రాథమిక హక్కులు ఇప్పటికి నాలుగుసార్లు చదివాను, ఆదేశిక సూత్రాల దాకా ఒక్కసారీ రాలేదు. చాలా బాధగా ఉందండి.

శివారు_రైతు:
బాబూ, మాది కోనసీమలో కాలవ చివర. ఎండాకాలం కాలవలు కట్టేసి పూడిక తీస్తారు కదా, తర్వాత ధవళేశ్వరంలో నీళ్ళు వదిలిన రోజే మా చేలోకి వచ్చెయ్యవు, ఎండిన కాలవ ముందు తను తాగాలి, పై ఊళ్ళోళ్ళకి అందాలి, అప్పుడు మాకు. రోజులు పడుతుంది. నువ్వేమో గ్యాప్ వచ్చాక మొదటి రోజే మూడు గంటలు కావాలంటన్నావు, బుర్రకెక్కకపోయేసరికి మొదటి చాప్టర్‌కి పోతన్నావు. ఆగిన పేజీ దగ్గరే కూర్చో, నాలుగు రోజులు ఏమీ ఎక్కకపోయినా లెగవకు.

భీమవరం_అక్క:
పైన బాబాయి గారు చెప్పింది నిజం తమ్ముడూ. లండన్‌లో యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు 96 మందిని చూసి 2010లో ఒక స్టడీ వేశారు, కొత్త పని అలవాటవ్వడానికి సగటున 66 రోజులు పట్టిందంట, కొంతమందికి 18 చాలు, కొంతమందికి 254 దాకా పట్టొచ్చని అంచనా. అంటే నీ ఇరవై రోజులకి ఇంకా అలవాటే అయ్యుండదు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదంట, కానీ అది ఒక్క రోజు మాట, నెలన్నర మాట కాదు. నేను బ్యాంకు పరీక్షలకి చదివేటప్పుడు మా పిన్ని కూతురి పెళ్ళిలో వంటల పందిరి వెనకాల కూర్చుని పది బిట్లు చేశాను, ఆరు తప్పులే, అయినా మర్నాడు పుస్తకం తియ్యడానికి బెరుకు అనిపించలేదు. నాలుగు రోజులు ముట్టుకోకపోతే ఆ పుస్తకం చూస్తేనే తప్పు చేసినట్టుంటుంది, నిన్ను నెలన్నర ఆపేది ఆ బెరుకే అనుకుంటా.

తణుకు_కుర్రాడు:
ఆయ్, అదేనండి, పుస్తకం అలమరలో కనపడకుండా పెట్టేస్తాను కూడా. రేపు కొట్టు తియ్యకముందు అరగంట, ఆదేశిక సూత్రాలు మొదలయ్యే ఆర్టికల్ 36 నుంచి. రద్దీ రోజుల్లో పది బిట్లు. అక్కా, బిట్లు ఎందులోంచి చేసేవారు?

భీమవరం_అక్క:
పాత పేపర్లే తమ్ముడూ. మడిచి జేబులో పెట్టుకో.