పాత బుల్లెట్ వెనుక షాక్ అబ్జార్బర్లు: మరమ్మతు చేయించాలా, కొత్తవి వేయాలా?

గుంటూరు_బుల్లెట్:
మిత్రులందరికీ నమస్కారం. నా దగ్గర 1984 నాటి బుల్లెట్ 350 ఉంది. గేర్లు కుడికాలి వైపు ఉండే పాత రకం. ఒక్కడినే నడిపేటప్పుడు అంతగా తెలియదు గానీ, మా ఆవిడ వెనుక కూర్చున్నప్పుడు స్పీడ్ బ్రేకర్ దాటితే బండి వెనుక భాగం రెండు మూడు సార్లు పైకీ కిందికీ ఊగితే తప్ప నిలవడం లేదు. గతుకులున్న మలుపుల్లో వెనుక చక్రం పక్కకు జరుగుతున్నట్టు కూడా అనిపిస్తోంది. ఎడమ షాక్ అబ్జార్బర్ కింది గొట్టం మీద నూనె జిడ్డు దిగి, దానికి దుమ్ము పట్టి నల్లగా తయారైంది. కుడిది మాత్రం పొడిగా ఉంది. మా వీధి మెకానిక్ స్ప్రింగుల కింద వాషర్లు పెట్టి బిగువు పెంచాడు. దాంతో ఊగడం తగ్గలేదు సరికదా, నడుముకు కుదుపు ఎక్కువైంది. ఎడమది ఒక్కటి మారిస్తే సరిపోతుందా? ఇప్పుడు దొరుకుతున్న గ్యాస్ రకం దీనికి పనికొస్తాయా? ఈ పని ఇంట్లో చేసుకోగలిగినదేనా? దయచేసి తెలియజేయగలరు.

ఆటోనగర్_అన్న:
నమస్కారమండీ. బరువు మోసేది స్ప్రింగు. ఒకసారి నొక్కుకున్న ఆ స్ప్రింగు ఇష్టం వచ్చినట్టు తిరిగి ఎగరకుండా పట్టి ఉంచేది లోపలి డ్యాంపర్. నూనె సన్నని రంధ్రాల గుండా దూరి వెళ్ళేటప్పుడు పుట్టే నిరోధమే డ్యాంపర్ చేసే పని మొత్తం. మీ బండిలో పోయింది ఆ నిరోధం కాబట్టి, వాషర్లు పెట్టి స్ప్రింగును ఎంత బిగించినా ఊపు ఆగదు. వాటిని ముందు తీసివేయించండి.

కుడిది పొడిగా ఉన్నంత మాత్రాన బాగున్నట్టు కాదండీ. సీలు ఎప్పుడో పాడై నూనె అంతా పోయి ఉంటే, ఇక కారడానికి లోపల ఏమీ మిగలదు, గొట్టం చూడటానికి శుభ్రంగానే ఉంటుంది. స్ప్రింగు విప్పిన తరువాత డ్యాంపర్‌ను నిలువుగా పట్టుకుని కడ్డీని నెమ్మదిగా లోపలికి నొక్కి, బయటికి లాగి చూడండి. లాగేటప్పుడు గట్టిగా, మొదటి నుంచి చివరి వరకు ఒకే తీరుగా బిగువు తెలియాలి. మధ్యలో ఎక్కడైనా కాస్త దూరం చేతికి ఖాళీగా తగిలి, తరువాత బిగువు వస్తే నూనె తగ్గి గాలి చేరినట్టు. ఏది ఏమైనా రెండూ కలిపే మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉంటే స్వింగ్ ఆర్మ్ (వెనుక చక్రాన్ని పట్టి ఉంచి పైకీ కిందికీ కదిలే చట్రం) మెలితిరిగినట్టు పనిచేసి మలుపుల్లో ఇప్పటికన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

మరొక మాట. చక్రం పక్కకు జరగడం షాక్ అబ్జార్బర్ల వల్లనే అని తీర్మానించుకోకండి. సెంటర్ స్టాండు వేసి, వెనుక టైరును రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. ఇంకొకరిని స్వింగ్ ఆర్మ్ మొదలు దగ్గర చూడమనండి. చక్రం ఒక్కటే కదిలితే బేరింగులు, చక్రంతో పాటు ఆర్మ్ కూడా కదిలితే ఆర్మ్ బుష్షులు, అంటే దాని మొదలు దగ్గర ఇరుసు చుట్టూ ఉండే గొట్టపు తొడుగులు, అరిగినట్టు.

పాత_సామాను:
పై మిత్రుని మాటలతో ఏకీభవిస్తాను గానీ, నేరుగా కొత్తవి కొనేయాలన్న తొందర వద్దని నా మనవి. ఈ బండి వంశానికి గుర్తింపు తెచ్చిన వాటిలో వెనుక సస్పెన్షన్ ఒకటి. 1948లో ఇంగ్లండులో బుల్లెట్‌ను స్వింగ్ ఆర్మ్‌తో, నూనె డ్యాంపర్లతో చూపించే నాటికి చాలా కంపెనీల బండ్లకు వెనుక స్ప్రింగులే ఉండేవి కావు. పాత రేకు తొడుగులతో ఉన్న అసలు జత చూడటానికి ఎంత బాగుంటుందో మీకు చెప్పనక్కర లేదు.

కడ్డీ మీద క్రోమ్ నున్నగా ఉంటే సీలు మార్చి, కొత్త నూనె పోసి బాగుచేయవచ్చు. గోరు పెట్టి గీస్తే తగిలేంత తుప్పు గుంట ఉంటే మాత్రం కొత్త సీలును ఆ గుంటే కోసేస్తుంది; ఆ కడ్డీతో ఎన్నిసార్లు మరమ్మతు చేయించినా డబ్బు దండగే. తల భాగం మర ఉన్న రకం అయితే విప్పడం తేలిక. అంచు మడిచి మూసిన రకాన్ని కొందరు లేత్ మీద కోసి, మర వేసి తిరిగి బిగిస్తారు. చేసే మనిషి పనితనం మీకు తెలిసి ఉంటేనే అందుకు ఒప్పుకోండి. గ్యాస్ రకాన్ని మాత్రం ఎవరు చెప్పినా కోయనివ్వకండి, లోపల నైట్రోజన్ అధిక పీడనంలో ఉంటుంది. స్ప్రింగును విప్పేటప్పుడు కూడా స్ప్రింగును నొక్కి పట్టే తగిన కంప్రెసర్ పనిముట్టు వాడాలి. తాడు కట్టి, స్క్రూడ్రైవర్ పెట్టి చేసే పని కాదు.

ఆటోనగర్_అన్న:
అందం సంగతి సరే, ఇద్దరు కూర్చుని రోజూ తిరిగే బండికి నేనైతే కొత్త జతనే వేస్తాను. మన ఆటోనగర్‌లో దొరకకపోతే చెన్నై పుదుపేటలోనో, ఢిల్లీ కరోల్ బాగ్‌లోనో దొరుకుతాయి. పాత తొడుగులు దాచుకోండి.

కొనే ముందు పొడవు కొలవాలి. సెంటర్ స్టాండు మీద చక్రం గాలిలో వేలాడుతున్నప్పుడు పై బోల్టు నడిమి నుంచి కింది బోల్టు నడిమి వరకు ఎంత ఉందో అదే ఉండాలి. పొడవు ఎక్కువైతే స్టాండు వేసినా చక్రం నేలకు తగులుతుంది, హ్యాండిల్ కూడా అవసరానికి మించి తేలికగా తిరుగుతుంది. తక్కువైతే ఇద్దరు కూర్చున్నప్పుడు టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. షాక్ అబ్జార్బర్ చివర బోల్టు దూరే కంటిలోని బుష్షు వెడల్పూ, బోల్టు లావూ సరిపోవాలి; తేడా ఉంటే లేత్ మీద స్లీవు చేయించండి.

బిగించడం ఇంట్లో చేసుకోవచ్చు. చీర గార్డు అడ్డు వస్తే ముందు దాన్ని తీయండి. చక్రం కింద చెక్క ముక్క పెట్టి, ఒక వైపు విప్పి బిగించిన తరువాతే రెండో వైపుకు వెళ్ళండి. రెండూ ఒకేసారి విప్పితే ఆర్మ్ కిందికి జారి రంధ్రాలు కలవవు. తుప్పు పట్టిన నట్లకు ముందు రోజు రాత్రే కిరోసిన్ వేయండి. రబ్బరు బుష్షుల బోల్టులను మొదట చేతి బిగువుతో వదిలి, బండి దించి, ఇద్దరు కూర్చున్నాక పూర్తిగా బిగించాలి. గాలిలో ఉండగానే బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి త్వరగా చిరుగుతుంది.

గుంటూరు_బుల్లెట్:
ఎంతో వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ ధన్యవాదాలు. చెప్పినట్టే టైరు ఊపి చూశాను. చక్రంతో పాటు స్వింగ్ ఆర్మ్ కూడా స్పష్టంగా పక్కకు కదులుతోంది. ఎడమ కడ్డీ మీద తుప్పు గుంటలున్నాయి కాబట్టి కొత్త జతకే వెళ్తున్నాను. ముందు షాక్ అబ్జార్బర్లు వేసి బుష్షులు తరువాత చేయించవచ్చా?

పాత_సామాను:
అలా చేయకండి. బుష్షులు మార్చాలంటే షాక్ అబ్జార్బర్లు ఎలాగూ మళ్ళీ విప్పాలి, పైగా ఆర్మ్ పక్కకు ఊగుతూ ఉంటే కొత్త వాటి రబ్బర్లు అరుగుతాయి. బుష్షులు ప్రెస్ మీద ఎక్కించి, లోపలి కొలత రీమర్‌తో (రంధ్రాన్ని సరైన కొలతకు నున్నగా చెక్కే పనిముట్టు) సరిచేయించండి. సుత్తితో కొట్టి ఎక్కిస్తే అంచు నలుగుతుంది. అంతా బిగించాక, గేర్ బాక్సు పళ్ళచక్రం, ఆర్మ్ మొదలు, వెనుక ఇరుసు ఒకే గీతలోకి వచ్చేంతగా బండి వెనుక కిందికి నొక్కించి, ఆ స్థితిలో చైను బిగువు చూడండి. చైను అన్నిటికన్నా బిగిసేది అక్కడే. అప్పుడు కూడా కాస్త వదులు మిగిలి ఉండాలి.