కుంభం దగ్గర లెక్క తప్పుతోంది, నడుం నొప్పి వల్లేనా?

గుంటమగ్గం_బరంపురం:
అందరికీ నమస్కారం. మాది బరంపురం, పట్టుచీరలు నేస్తాం. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. నా వయసు 51. ఆరేళ్లుగా నడుం నొప్పి, కుడి పిర్ర నుంచి మడమ దాకా లాగుడు. గుంటలోకి కాళ్లు దించి కూర్చుంటే గంట వరకు పర్వాలేదు. ఆ తర్వాత ఎవరో తీగ కట్టి కిందికి గుంజుతున్నట్టే.

అడగాలనుకున్నది మాత్రం వేరే. అంచులో కుంభం, అదే గుడి శిఖరం లాంటి డిజైను, వేసేటప్పుడు పోగులు లెక్క చూసుకోవాలి. ఇన్నేళ్లూ నోటితో లెక్కపెట్టకుండానే చెయ్యి చేసుకుపోయేది. ఇప్పుడు తప్పుతోంది. పోయిన నెల ఒక చీరలో బెత్తెడు నేత విప్పాను. ఆ రోజు నొప్పి పెద్దగా లేదు కూడా.

ఎమ్మారైలో ఎల్‌4-ఎల్‌5 డిస్కు, అంటే నడుం దగ్గర రెండు వెన్నుపూసల మధ్య ఉండే మెత్త, కొంచెం ఉబ్బిందట. "నువ్వు చెప్పే నొప్పికీ ఈ ఫిల్ముకీ పొంతన లేదు" అన్నారు డాక్టరు. అది పట్టుకుని మా బావ "చూశావా, నొప్పంతా నీ బుర్రలోనే ఉంది" అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది. నాది నటనా?

రాయగడ_రిటైర్డ్:
బాబూ, ఆముదం వేడి చేసి రాసి, ఇసుక మూటతో కాపడం పెట్టించుకోండి. నాకు దాంతోనే తగ్గింది. మెదడూ గిదడూ అని టెన్షన్ పెట్టుకోవద్దు.

ఫిజియో_గుణుపురం:
బాబాయ్ గారూ, కాపడం మంచిదే, కానీ అన్న అడిగింది లెక్క గురించి.

అన్నా, ఏ నొప్పయినా తెలిసేది మెదడులోనే, తేలు కుట్టినా అంతే. అందులో నటన ఏముంది? ఇక ఫిల్ము సంగతి. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ల వాళ్లలోనే దాదాపు 30 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపిస్తుంది. దాన్ని చూసి నొప్పి ఎంతో తేల్చలేం.

చికాగోలో ఆప్కారియన్ అనే నొప్పి పరిశోధకుడి బృందం 2008లో ఒక పరిశోధన ప్రచురించింది. ఏళ్ల తరబడి నడుం నొప్పి ఉన్నవాళ్లు 15 మంది, లేనివాళ్లు 15 మంది. తెర మీద పెరుగుతూ తగ్గుతూ ఉండే గీతకు సరిగ్గా వేళ్ల ఎడం మారుస్తూ ఉండాలి, అంతే పని. రెండు జట్లూ ఒకేలా చేశాయి. తేడా స్కానులో తెలిసింది. మనం పనిలో దిగగానే, ఖాళీగా ఉన్నప్పుడు తమలో తాము ఊసులాడుకునే మెదడు భాగాలు కొన్ని సద్దుమణగాలి. నొప్పి ఉన్నవాళ్లలో అవి సరిగ్గా మణగలేదు.

మా అమ్మమ్మ ఇంట్లో మగ్గం ఉండేది కాబట్టి ఇలా చెప్తాను. పడుగులో లేవాల్సిన పోగులు లేచాయి, దిగాల్సినవి పూర్తిగా దిగలేదు. నాడె వెళ్తుంది, చీరా తయారవుతుంది. కానీ విసిరిన ప్రతిసారీ నాడె పోగులకు రాసుకుంటూ పోతుంది.

ఇవన్నీ కొద్దిమంది మీద తీసిన సగటులు. మీ ఒక్కరి స్కాను చూసి "మెదడు భాగాల నెట్‌వర్కు పాడయింది" అని ఎవరైనా ప్యాకేజీ అమ్మజూపితే డబ్బు కట్టకండి.

ఇంకో మాట. రాత్రి ఏం మాత్ర వేసుకుంటున్నారు? కాలు లాగుడుకి ఇచ్చే ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ కొందరికి మత్తుగా, బుర్ర మందంగా చేస్తాయి. అలా ఉందనిపించినా సొంతంగా ఆపేయొద్దు, డాక్టరుకే చెప్పాలి.

టీచరమ్మ_పర్లాకిమిడి:
అన్నయ్య గారూ, నాదీ ఇదే గొడవ. హాజరు వేస్తూ పిల్లల పేర్ల దగ్గర తడబడేదాన్ని. ఆపరేషన్ అయ్యాక కాలు లాగుడు వారంలో పోయింది, తడబాటు మాత్రం దసరా సెలవులు దాటేదాకా ఉంది. అందరికీ ఆపరేషన్ కావాలని కాదు, నాకు పాదం పైకి లేవడం మానేసింది కాబట్టి చేశారు.

ఫిజియో_గుణుపురం:
మేడమ్ చెప్పిన పాదం సంగతి అందరూ గుర్తుంచుకోండి. పాదం వేలాడినా, మూత్రం మీద అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

ఆలస్యంగా కుదుటపడటం గురించి కూడా ఒక పరిశోధన ఉంది. 2011లో మాంట్రియల్ వాళ్లు ప్రచురించారు. ఆపరేషనో, వెన్నులో ఇంజెక్షనో చేయించుకున్నవాళ్లను ఆరు నెలలకు మళ్లీ స్కాన్ చేస్తే, ఎడమ వైపు ముందు మెదడులో పలచబడిన ఒక భాగం తిరిగి మందమైంది. పని చేసేటప్పుడు మెదడు తీరు కూడా మామూలు వాళ్లకు దగ్గరగా వచ్చింది.

గుంటమగ్గం_బరంపురం:
ప్రీగాబాలినే తమ్ముడూ. పోయిన నెలే మోతాదు పెంచారు. లెక్క తప్పడం అంతకు ముందే మొదలైంది గానీ, ఆ బెత్తెడు విప్పింది పెంచాకే. సోమవారం చీటీ పట్టుకెళ్లి అడుగుతాను. అరగంటకోసారి గుంటలోంచి లేచి నాలుగడుగులు వేస్తున్నాను, పని వెనకబడుతోంది, ఏం చేస్తాం.

మీరు రాసిందంతా బావకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి మగ్గం పక్కన పీట వేసుకుని, "కుంభం లెక్క నేను చెప్తా, నువ్వు నెయ్యి" అన్నాడు. ఆయన చదివింది ఒడియా మీడియం, లెక్క నోటికి ఒడియాలోనే వస్తుంది. నా చేతికి తెలుగు లెక్కే అలవాటు. రెండుసార్లు ఆపి మొదటి నుంచి చెప్పించుకున్నాను.