ఇంటర్ సెకండియర్‌లో గ్రాఫిక్ డిజైన్: ఆపాలా, సాగనివ్వాలా?

గాజువాక నాన్న
మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఫస్టియర్‌లో మంచి మార్కులే వచ్చాయి. మొన్న వినాయక చవితికి మా వీధి పందిరికి పోస్టర్ చేసింది, అందరూ మెచ్చుకున్నారు. అప్పటినుంచి రోజూ రాత్రి గంటన్నర కంప్యూటర్ ముందే. లోగోలు, పోస్టర్లు. ఇంజనీరింగ్ వద్దట, బీ.డెస్ అని డిజైన్ డిగ్రీ చదువుతుందట, దానికి యూసీడ్ అనే ఎంట్రెన్స్ రాస్తుందట. నేను స్టీల్ ప్లాంట్ ఉద్యోగిని, మా ఇంటా వంటా ఈ దారి తెలిసినవాళ్లు లేరు. ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో పబ్లిక్ పరీక్షలు కదా, అవయ్యేదాకా ఆపమన్నాను. నిన్న అన్నం తినకుండా పడుకుంది. నాకూ ముద్ద దిగలేదు. ఆపమనడం తప్పా? తెలిసినవాళ్లు చెప్పండి.

మద్దిలపాలెం లెక్కల మాస్టారు
తప్పు కాదండి. ఇరవై రెండేళ్లుగా ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. సెకండియర్‌లో ఇంటిగ్రేషన్ ఒక్క వారం వదిలేస్తే మళ్లీ పట్టు దొరకడానికి నెల పడుతుంది. నా క్లాసులో ఒక కుర్రాడు ఇలాగే యానిమేషన్ అంటూ కోచింగ్‌లో చేరాడు. మూడు నెలలకి అక్కడ మానేశాడు, ఇక్కడ ఫిజిక్స్ పోయింది. వాళ్లమ్మ వచ్చి నా ముందు ఏడ్చింది, ఇప్పటికీ మరిచిపోలేను. బొమ్మలు వేసే చెయ్యి ఎక్కడికీ పోదు. ఏప్రిల్‌లో మొదలుపెట్టుకోమనండి.

విశాఖ వదిలొచ్చిన డిజైనర్
మాస్టారూ, మీ మాట మీద గౌరవం ఉంది, కానీ ఏప్రిల్ అంటే ఏడాది పోయినట్టే. యూసీడ్ జనవరిలో. దరఖాస్తు అంతకు ముందే, అక్టోబర్, నవంబర్ నెలల్లోనే పెట్టుకోవాలి. పైగా ఈ పరీక్ష వరుస రెండేళ్లలో రెండుసార్లే రాయనిస్తారు, ఒక ఛాన్సు వదులుకోవడం చిన్న విషయం కాదు. ఏ గ్రూపువాళ్లైనా రాయొచ్చు. ఐఐటీ బొంబాయి నిర్వహిస్తుంది. ఢిల్లీ, గువాహటి, హైదరాబాద్ ఐఐటీల్లోనూ ఈ ర్యాంకుతోనే సీటు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ)కి వేరే పరీక్ష ఉంది, దాని ఆంధ్రప్రదేశ్ క్యాంపస్ అమరావతిలోనే. అవేవీ రాకపోయినా మన ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ ఉంది, ఊరు దాటక్కర్లేదు.

గాజువాక నాన్నగారూ, మీకు ఒక్క మాట. యూసీడ్ మొత్తం మూడు గంటలు, 300 మార్కులు. అందులో 100 మార్కుల భాగం కాగితం మీద చేత్తో రాసేది, బొమ్మ గీసేది. దానికి కంప్యూటర్‌లో చేసిన లోగోలు ఎందుకూ పనికిరావు. మిగతా 200కి ఆకారాలు మనసులో తిప్పి చూడ్డం, చుట్టూ ఉన్న వస్తువుల్ని గమనించడం కావాలి. ఆ గంటన్నర ఆపకండి, కాగితం మీదికి మార్పించండి. నేను ఇంటర్‌లో మౌసు పట్టుకుని మురిసిపోయాను. కాలేజీలో చేరాక మొదటి నెలంతా కుర్చీ గీయడం రాక తల దించుకున్నాను.

ఎంవీపీ అమ్మ
మా వాడు సీబీఎస్ఈ పన్నెండు. అక్కడ కమర్షియల్ ఆర్ట్ అని సబ్జెక్టే ఉంది, థియరీ 30, ప్రాక్టికల్ 70. బోర్డు మార్కుల్లోకి వస్తుంది కాబట్టి ఇంట్లో గొడవ లేదు. అయితే థియరీలో వాళ్లు చదివేది రాజస్థానీ, పహాడీ, మొఘల్ చిత్రాలు, బెంగాల్ స్కూల్. మంచివే, నేనూ వాడితో కూర్చుని చదివాను. అక్షరం గురించి, అచ్చు గురించి మాత్రం అందులో వాడికేమీ దొరకలేదు. ఇంటర్ ఎంపీసీ పిల్లలకి ఆ మాత్రం కూడా లేదు. మార్కులిచ్చే సబ్జెక్టుగా మన ఇంటర్‌లోనూ ఉంటే ఆ పాప అన్నం మానేసేదా?

మురళీనగర్ అక్క
నేను పిల్లల చదువు కోసం అప్పు తీరుస్తున్నదాన్ని, అందుకే అడుగుతున్నా. ఏమీ అనుకోకండి. ఫోన్‌లో ఒక మాట చెబితే ఏఐ పోస్టర్ వేసి ఇచ్చేస్తోంది. నాలుగేళ్లు లక్షలు పోసి ఇది చదివితే ఎవరు పని ఇస్తారు?

డాబాగార్డెన్స్ ప్రెస్సు
అక్కా, దానికి నేను చెబుతాను. పదో తరగతితో ఆపేసి డీటీపీకి, అంటే కంప్యూటర్‌లో అచ్చు పేజీలు కూర్చే పనికి వచ్చినవాణ్ణి. పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్, అను అనే తెలుగు ఫాంట్లతో మొదలుపెట్టాను.

పోయిన నెల్లో ఒక బీటెక్ కుర్రాడు రిసెప్షన్‌కి ఆరు బై నాలుగు ఫ్లెక్సీ ఫైలు తెచ్చాడు. స్క్రీన్ మీద కళ్లు చెదిరే నీలం. ఫైలేమో ఆర్‌జీబీలో, అంటే స్క్రీన్ వెలుగు రంగుల్లో ఉంది, మిషన్ కొట్టేది సయాన్, మజెంటా, యెల్లో, బ్లాక్ సిరాలతో. నీలం కాస్తా వంకాయ రంగయింది. రంగంటే సర్దుకుంటారు. పెళ్లికూతురి పేరు లక్ష్మి. అది 'లక్‌ష్‌మి' అని పడింది. ఆ పేరులో ఒత్తులు విడిపోయి పక్కపక్కన నిలబడ్డాయి, ఆ ఒక్క వరసకి సాఫ్ట్‌వేర్‌లో మన భాషల సెట్టింగ్ పెట్టలేదు. వరసల మధ్య ఇంగ్లీషుకి పెట్టినంత దూరమే తెలుగుకీ పెట్టాడు. దాంతో 'విశాఖపట్నం'లో న ఒత్తు కింది వరసలో గుడి మీదికి ఎక్కేసింది. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి, కింద ఒత్తు. రెండు వైపులా చోటు కావాలి.

ఫ్లెక్సీ విప్పి చూపించాను. పెళ్లికూతురి నాన్న ఏమీ అనలేదు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని కూతురి పేరు మళ్లీ చదివాడు. ఆ మనిషి మొహం చూశాక నా చేతి డబ్బుతోనే ఇంకోటి కొట్టిచ్చాను.

ఏఐ బొమ్మలూ వస్తున్నాయక్కా. మొన్న ఒకాయన తెచ్చినదాంట్లో 'శుభాకాంక్షలు' మూడుసార్లుంటే మూడూ మూడు రకాలు. రేపు అది బాగుపడుతుందేమో. అప్పుడైనా తప్పు పట్టే కన్ను ఒకరికి ఉండాలి కదా.

సాఫ్ట్‌వేర్ నేర్పే కోచింగులు నాకు బోలెడు కనబడ్డాయి. తెలుగు వరసకి ఎంత ఎడం ఉండాలో చెప్పేది ఒక్కటీ కనబళ్లేదు. నేను ఇదంతా తిట్లు తిని నేర్చుకున్నాను. పదిహేడేళ్ల పిల్ల ఇష్టంగా వచ్చి నేర్చుకుంటానంటే వద్దనకండన్నా.

మద్దిలపాలెం లెక్కల మాస్టారు
ప్రెస్సు బాబూ, చదివి మనసు చలించింది. చేత్తో గీయడం, చూడ్డం నేర్చుకోవాలన్న మాట ఒప్పుకుంటున్నాను. త్రీడీ జామెట్రీ చెప్పేటప్పుడు బొమ్మ గీయగలిగిన పిల్లలకే ముందు అర్థమవుతుంది, ఇది నేను రోజూ చూసేదే. రాత్రి తొమ్మిది దాటాక స్క్రీన్ మాత్రం ఒప్పుకోను. పొద్దున్న ఏడింటికి నా ముందు కూర్చునే పిల్లల కళ్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఫిబ్రవరి నుంచి పూర్తిగా ఆపాల్సిందే, అందులో బేరం లేదు.

విశాఖ వదిలొచ్చిన డిజైనర్
యూసీడ్ జనవరిలోనే అయిపోతుంది మాస్టారూ, ఆ తర్వాత పరీక్షలయ్యేదాకా టైమంతా మీదే.

ఆ పాపకి ఒక పని ఇవ్వండి. ఏటికొప్పాక లక్కబొమ్మ ఒకటి కొనివ్వండి. అంకుడు కర్రతో చేస్తారు, 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ బొమ్మకి అట్టపెట్టె చెయ్యమనండి. కొలత ఎంత, దార్లో లక్క గీరుకుపోకుండా లోపల ఏం పెట్టాలి, పైన తెలుగులో ఏం రాయాలి, ఎంత సైజులో రాయాలి, ఇవన్నీ తనే తేల్చుకోవాలి. అట్ట, కత్తెర, పెన్సిలు చాలు. రెండు ఆదివారాలు పడుతుంది. అది చేస్తూ విసుగొచ్చిందా, ఇది తన దారి కాదేమో తనకే తెలుస్తుంది. మూడో పెట్టె కూడా చింపి మళ్లీ మొదలుపెట్టిందా, ఇంక ఆమెని ఆపడం మీవల్ల కాదు.

గాజువాక నాన్న
అందరికీ దండాలు. మీ మాటలన్నీ అమ్మాయికి చదివి వినిపించాను. ప్రెస్సు తమ్ముడు రాసింది రెండుసార్లు చదివించుకుంది. తర్వాత వెళ్లి తన చవితి పోస్టర్ తెరిచి చూసింది. 'శ్రీ' దగ్గర ఒత్తు కింది వరసని తాకుతోంది నాన్నా అంది. వీధిలో ఎవరమూ చూడలేదు, నేనూ చూడలేదు.

నిన్న రాత్రి కంప్యూటర్ తియ్యలేదు. స్టీలు గ్లాసు ముందు పెట్టుకుని గీసింది. పైన అంచు గుండ్రం కుదరక నాలుగుసార్లు చెరిపింది. ఎనిమిదింటిదాకా లెక్కలు, తొమ్మిదిదాకా బొమ్మ, ఫిబ్రవరి ఒకటి నుంచి బొమ్మ బంద్ అని తనే రాసి గోడకి అంటించింది. మాస్టారూ, మీ మాటే అది. యూసీడ్ దరఖాస్తు ఫీజు నేను కడతానన్నాను.

తమ్ముడూ, ఆదివారం మేమిద్దరం మీ ప్రెస్సుకి రావచ్చా?

డాబాగార్డెన్స్ ప్రెస్సు
రండన్నా, పదకొండుకి. పాపని స్కేలు, పెన్సిలు తెచ్చుకోమనండి. చవితి పోస్టర్ ఫైలు కూడా.